పోయిన వస్తువు ఖరీదు

కొండపి బస్సు దిగి
ఒంగోలు బస్టాండులో టీ గ్లాసు పట్టుకున్నాక తెలిసింది
భుజం తేలిగ్గా ఉందని.

అప్పటికే బస్సు వెనక్కి తిరిగిపోయింది.
కిటికీ పక్క మూడో సీటు,
నల్ల సంచీ, తెగిన జిప్పుకి పిన్నీసు,
లోపల ఆఫీసు లాప్‌టాపు.
దాని అడుగున చీటీ మీద నా చేతిరాతలోనే పాస్‌వర్డు.
మర్చిపోతానని అంటించుకున్నాను.
మర్చిపోవడం గురించి నాకంత ముందుచూపు.

స్టేషన్లో రైటరు కాగితం నా వైపు తోశాడు.
పోయిన వస్తువు: రాశాను.
రంగు: నలుపు.
ఖరీదు దగ్గర పెన్ను ఆగింది.
"పాతదా కొత్తదా?"
"మూడేళ్ళయింది సార్."
"అయితే పన్నెండు వేలు వెయ్యి."
వేశాను.

పదకొండు వేల నాలుగొందల మంది ఉన్నారు సార్ అందులో,
మనిషికి రూపాయి ఐదు పైసలు పడుతుంది.
పైకి అనలేదు. కాంట్రాక్టువాణ్ణి.

అందులో దార్ల రోశమ్మ ఉంది.
గ్రేడింగు షెడ్డులో ముప్పై ఏళ్ళుగా
పొగాకు ఆకు విడదీసి విడదీసి
జిగురు పట్టి, అరిగిపోయిన వేళ్ళు.
మిషను అద్దం మీద పెడితే
ఎవరూ పెట్టనట్టే ఉండేది.
సబ్బు, కిరసనాయిలు, చింతపండు,
తొమ్మిది సార్లు ఎర్రలైటు.
పదోసారి ఆమె బొటనవేలు నేనే పట్టుకుని అదిమితే
పచ్చలైటు వెలిగింది.
"హమ్మయ్య, నేనేనంట" అని నవ్వింది.

ఉప్పెన వచ్చిన ఏడు
మోకాళ్ళెత్తు పిల్లనన్న అంకమ్మ ఉంది.
ఆమెకి జనవరి ఒకటి వేశాను.
మా మండలంలో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు,
నా చేతుల మీదుగా.

వేరే గది లేక, వరసంతా వింటుండగా
గొంతు తగ్గించి
"టీబీ బిళ్ళలు వాడతన్నా, అదీ రాయాల్నా?" అన్న మస్తాన్‌వలి.
మొగుడున్నాడా అంటే
అటూ ఇటూ చూసి
"ఉన్నాడనే రాసుకో" అన్న సుగుణ.
రాసుకున్నాను.
నాకూ ఆ పెట్టెకీ మాత్రమే చెప్పిన మాటలవి.
ఇప్పుడు ఎవరి ఒళ్ళో తెరుచుకుంటున్నాయో.

సారు తలుపేసి చెప్పాడు.
"దొంగకి కావాల్సింది డబ్బాయే గానీ సరుకు కాదులే.
అంతా చెరిపేసి అమ్ముకుంటాడు.
ఊళ్ళో మాత్రం పొక్కనీకు."
సాయంత్రం పైకి వెళ్ళిన రిపోర్టులో
సమాచారం భద్రం అని ఉంది.
టైపు చేసింది నేనే.

మా వేలం కేంద్రంలో
ఒక్కో పొగాకు బేలుకి ఒక నంబరు.
తూకం, రైతు పేరు, ఆకు రంగు, కొన్న కంపెనీ.
ఒక్క బేలు కనపడకపోతే
గేటు మూసి, లారీల పట్టాలు విప్పించి,
హమాలీల్ని ఎండలో నిలబెట్టి అడుగుతారు.
నేను చూశాను.
మొన్న ఏ గేటూ మూయలేదు.

నెల తర్వాత కొత్త లాప్‌టాపు వచ్చింది.
మళ్ళీ అదే షెడ్డు, అదే ఘాటు, తుమ్ములు.
రోశమ్మ వేళ్ళు చీరకి తుడుచుకుంటూ వచ్చింది.
"ఏంది అబ్బయ్యా మళ్ళీ?
పోయినసారి ఇచ్చినయ్యి ఏం జేశారు?"

సర్వరు, అన్నాను.
సర్వరుకి బాగలేదన్నాను.

"అయ్యో పాపం" అంది.

బొటనవేలు చాపింది. పట్టుకున్నాను.
ఆరోసారో ఏడోసారో పచ్చలైటు.
ఈసారి నవ్వలేదు.
మేస్త్రి కేకేస్తుంటే ఆకు దగ్గరికి వెళ్ళిపోయింది.

రాత్రి అన్నానికి కూర్చుంటే
ఆమె వేలు తగిలినచోట
నా వేళ్ళకి గోధుమరంగు జిగురు.
సబ్బుకి పోలేదు, చింతపండుకీ పోలేదు.
మజ్జిగన్నం చేదుగా ఉంది.
తిన్నాను.